అమ్మ పన పడ్డాక

కుమారికి ఆగడం రాదు. కూర దిగేలోపే అన్నం సగం తినేసే రకం. రైలు కోటబొమ్మాళిలో పూర్తిగా నిలవకముందే దూకి రెండుసార్లు మోకాళ్లు చెక్కుకుపోయినా బుద్ధి రాలేదు. అలాంటి పిల్ల పోయి పోయి బేస్‌బాల్‌లో పడింది. ఆ ఆటలో సగం పని ఆగడమే, పక్కకి పోయే బంతిని వదిలేసి తిన్నగా వచ్చేదాని కోసం కాచుకోవడమే.

డిగ్రీ ఆఖరి సంవత్సరం. యూనివర్సిటీ జట్టుకి ఎంపికలు శుక్రవారం విజయనగరంలో. రెండేళ్లూ వెళ్లింది, రెండేళ్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఈసారీ పోతే కాలేజీ బ్యాటు కాలేజీకి అప్పజెప్పి ఆటకో దండం పెట్టేయడమే. అది తలుచుకుంటే ఒక చోట కుదురుగా ఉండలేకపోతోంది. కూర్చున్నా కాలు ఆడుతూనే ఉంటుంది.

"నీ సేతులు విజయనగరం ఎల్లిపోతన్నాయి, నడుం ఇంకా కోటబొమ్మాళి స్టేషన్లోనే ఉన్నాది," అని కోచ్ ఈశ్వర్ విసుక్కునేవాడు. "ముందు కాలు, ఆనక నడుం, సేతులు ఆఖర్న రావాల. దెబ్బలో బలం నేల నుంచి వస్తాది."

చెప్పడం తేలికే. చిన్నప్పుడు కుమారి కొబ్బరిమట్ట చెక్కి బ్యాటు చేసుకుని, అన్నల మీద పంతానికి క్రికెట్ ఆడింది. మట్ట తేలిక. మణికట్టు విదిలిస్తే చాలు, బంతి ఎగిరిపోయేది. నడుముతో పనేముంది? ఆ అలవాటే అంటుకుపోయింది. ఈ బ్యాటు బరువు. చేతులు ముందు దూసుకుపోతే తగిలిన బంతి కూడా చప్పగా దొర్లుకుంటూ పోతుంది.

బుధవారం కళ్లంలో విత్తనాల వడ్లు కొడుతున్నారు. మిగతా పంటంతా మిషనుకి వదిలినా, విత్తనానికి మాత్రం కుమారి తల్లి తాయారు మిషన్ని నమ్మదు. కోసి కట్టిన వరికట్టని, అదే పనని, చేతికి నిండుగా పట్టుకుని బల్లకేసి కొట్టి గింజ రాల్చాల్సిందే. బల్లకి అటు తల్లి, ఇటు కూతురు. ఒకరి పన పడి లేచాకే రెండోవాళ్లది పడాలి. తొందరపడితే ఏమవుతుందో కుమారికి ఎవరూ చెప్పక్కర్లేదు. పద్నాలుగో ఏట, ఒక్క క్షణం ఆగలేక కొడితే తల్లి చూపుడువేలు బల్లకి నలిగింది. అది ఈనాటికీ వంకరే. తాయారు అప్పుడు ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బావుండేదని కుమారికి ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ రోజు నుంచి లోకంలో ఆమె ఆగే చోటు ఈ బల్ల ఒక్కటే.

"ఇక్కడ బాగానే కొడతన్నావు గదే," అంది తాయారు. "మరి ఆ కర్ర పట్టుకుంటే ఏటయిపోతాది నీకు? పూనకం వొచ్చినట్టు ఊగిపోతావు."

పన ఎత్తిన కుమారి అలాగే నిలబడిపోయింది. బరువంతా వెనక్కాలి మీదుంది. పన భుజం వెనకుంది. తల్లి పన పడి లేచింది. కుమారి ముందుకాలు నేలలో నాటుకుంది, నడుము తిరిగింది, దాని వెంట చేతులు ఆఖర్న వచ్చాయి. ఈశ్వర్ సారు మూడేళ్లుగా గొంతు చించుకుంటున్నది ఇందుకా? నవ్వూ వచ్చింది, తన మీద తనకి ఒళ్లూ మండింది.

"మళ్లీ కొట్టే అమ్మా," అంది.

శుక్రవారం మైదానంలో ఒక్కొక్కరికీ ఎనిమిది బంతులు. మొదటి ఐదింటికీ పాత కుమారే. మూడు బ్యాటుకి తగలనే లేదు, రెండు కాళ్ల దగ్గరే దొర్లాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆరో బంతికి, విసిరే అమ్మాయి చెయ్యి లేస్తుంటే అమ్మ పన లేస్తోందనుకుంది. ముందుకాలు పడింది, నడుము కదిలింది. బంతి బాగా పక్కకి పోతోంది. చేతులింకా భుజం వెనకే ఉన్నాయి, వాటిని అక్కడే ఉంచేసింది. జట్టుని ఎంపిక చేస్తూ కాగితం మీద రాసుకుంటున్న మేడం తలెత్తి చూసింది. ఆట మొదలుపెట్టాక కుమారి కొట్టకుండా వదిలిన మొదటి బంతి అది.

ఏడోది తిన్నగా వచ్చింది. కాలు, నడుము, ఆనక చేతులు. బంతి ప్రహరీ దాటి రోడ్డు మీద ఆటోల మధ్య పడింది. ఎనిమిదోదీ అదే దారి పట్టింది.

సాయంత్రం జాబితా చదివారు. అందరికంటే ఆఖర్న కుమారి పేరుంది. అక్కడే గట్టు మీద కూలబడి ఇంటికి ఫోను చేసింది.

"అమ్మా, తీసుకున్నారే. నీ పన పడ్డాకే కొట్టేను."



"అలాగా," అంది తాయారు. "ఎవులి ఏలూ నలగలేదు గదా?"

"లేదే అమ్మా," అంది కుమారి. ఎంత ఆపుకున్నా ఏడుపు మాత్రం ఆగలేదు.