మచ్చ లేని ఆకులు

బందరులోని ఒక కళాశాలలో ఏసుపాదం ముప్పై ఒక్క ఏళ్లు అటెండరుగా పనిచేశాడు. వృక్షశాస్త్ర విభాగం. సొంత ఊరు దివిసీమలో, కోడూరు పక్క పల్లె. చదువు మిషను బడిలో ఐదో తరగతి. మొక్కల్ని ఆరబెట్టడంలో అతనికి సాటి లేరని అందరూ అనేవారు. చివరి ఏళ్లలో ఆ మాట ఎవరైనా అంటే లేచి వెళ్లిపోయేవాడు.

చూడటానికి ఆ పని తేలిక. తెచ్చిన కొమ్మను అద్దుడు కాగితాల మధ్య పరిచి, పైనా కిందా చెక్కలు పెట్టి, తోలు పట్టీలతో బిగించాలి. రోజూ పట్టీలు విప్పి తడి కాగితం తీసి పొడి కాగితం వెయ్యాలి. రెండు రోజులు మరిస్తే ఆకు నల్లబడుతుంది. నాలుగు రోజులకు బూజు పడుతుంది. పరిశోధన చేసేవాళ్లు తమ మొక్కలకు తామే కాగితాలు మార్చుకోవాలన్నది విభాగాధిపతి భూషణం గారి నియమం. శనివారం ఆయన కట్టలు విప్పించి చూసేవారు. ఆకు రంగును బట్టి మనిషి ఎలా పనిచేస్తున్నాడో గ్రహించేవారు. వేరే ఏమీ అడిగేవారు కాదు.

1957లో గుడివాడ నుంచి వెంకటరత్నం డిమాన్‌స్ట్రేటరుగా వచ్చాడు. కృష్ణ సముద్రంలో కలిసే చోటి మడ చెట్ల మీద వాల్తేరు విశ్వవిద్యాలయానికి థీసిస్ రాస్తున్నాడు. ఆదివారం అతనూ ఏసుపాదమూ అవనిగడ్డ బస్సెక్కి, కోడూరు నుంచి పాలకాయతిప్ప దాకా నడిచేవారు. ఆరాధన మానేసి ఆకులు కోస్తున్నాడని ఏసుపాదం భార్య దేవమ్మ సణిగేది. ఏది తెల్లమడ, ఏది ఉప్పుపొన్న, ఏ చెట్టు పాలు కంట్లో పడకూడదు, అన్నీ ఏసుపాదమే చెప్పేవాడు.

"థీసిస్ నీ పేరున రాసేద్దాం. డాక్టరు ఏసుపాదం గారి సైకిలు నేను తుడుస్తా," అనేవాడు వెంకటరత్నం, బురదలో కూరుకుపోయిన కాలు లాక్కుంటూ.

మూడో ఏడు ఆ మాటలు ఆగిపోయాయి. వెంకటరత్నం కిటికీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేవాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. మధ్యాహ్నం కేరియరు విప్పకుండానే తిరిగి ఇంటికి వెళ్లేది. ఒక బుధవారం అతని కట్ట విప్పి చూస్తే ఆకుల అంచులు నల్లబడి ఉన్నాయి. ఏసుపాదం నల్లబడ్డవాటిని పారేసి, మిగిలినవాటికి పొడి కాగితాలు వేశాడు. శనివారం భూషణం గారు చూశారు. బాగుందన్నారు.

అప్పుడే చెప్పవలసింది. చెప్తే వెంకటరత్నానికి మతి బాగాలేదన్న పేరు వస్తుందని, ఉద్యోగం పోతుందని అనుకున్నాడు. నాలుగు రోజుల్లో తేరుకుంటాడనీ అనుకున్నాడు.

ఒకసారి వెంకటరత్నమే నోరు విప్పాడు. "ఏసుపాదం, నిన్న తెచ్చిన ఆకు ఇవాళ గుర్తు రావడం లేదు. నాకు భయంగా ఉంది."

"నిద్ర లేకండీ. ఇంటికెళ్లి పడుకోండి. ఇదంతా నేను చూసుకుంటాను."

చూసుకున్నాడు. నాలుగు నెలలు. ఆదివారాలు ఒక్కడే పాలకాయతిప్ప వెళ్లి కొమ్మలు తెచ్చాడు. రోజూ కాగితాలు మార్చాడు. చీటీల మీద తేదీ వేసి, వెంకటరత్నం చేతిరాత చూసి అతని పేరు దించాడు. అది దొంగతనమని అతనికి తోచలేదు. సాయమనే అనుకున్నాడు.

భూషణం గారు పని చక్కగా సాగుతోందని వాల్తేరుకు రాశారు. మార్చిలోగా థీసిస్ ఇవ్వమని జవాబు వచ్చింది. ఆయన ఆ ఉత్తరాన్ని ల్యాబులో అందరి ముందూ చదివి, ఆరిన కొమ్మ అంటించిన ఒక షీటు పైకెత్తి, పని అంటే ఇలా ఉండాలన్నారు. వెంకటరత్నం ఆ షీటు వైపు చూశాడు. అందులో ఉన్న కొమ్మను అతను ఎన్నడూ చూడలేదు.

మర్నాడు అతను కాలేజీకి రాలేదు. మూడు రోజుల తర్వాత పాలకాయతిప్ప దగ్గర, మడ చెట్ల మధ్య బురదలో కూర్చుని ఉండగా చేపల వేటకు వెళ్లినవాళ్లు చూశారు. ఒళ్లంతా ఎండకు కమిలింది. ఎవరడిగినా మాట లేదు. అన్నగారు వచ్చి గుడివాడ తీసుకెళ్లారు.

ఏసుపాదం ఆ సాయంత్రమే భూషణం గారికి జరిగింది చెప్పాడు.

"నాలుగు నెలలు నా కళ్లు మూసేశావు," అన్నారు ఆయన. బీరువా వైపు తిరిగి, "నేనూ ఆకులే చూశాను," అన్నారు.

ఏడాది తర్వాత ఏసుపాదం గుడివాడ వెళ్లాడు. వెంకటరత్నం వైద్యంలో ఉన్నాడు, ఉద్యోగం లేదు. భార్య రామలక్ష్మి మంచినీళ్లు ఇచ్చి, ఆ రోజుల్లో ఆయన పని ఆగకుండా చూసింది మీరేనటగా అని చేతులు జోడించింది. ఏసుపాదం గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. నిజం నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు.

అరుగు మీద నుంచి వెంకటరత్నం అన్నాడు: "డాక్టరు గారొచ్చారు. కుర్చీ వెయ్యి."

మనుషుల్ని పోల్చుకోవడం లేదండీ అని ఆమె నొచ్చుకుంది. పోల్చుకున్నాడని ఏసుపాదానికి తెలుసు.

1965లో లీలావతి అనే అమ్మాయి పరిశోధనకు చేరింది. పెడన నుంచి రోజూ వచ్చేది. వానాకాలంలో ఒక రోజు ఆమె కట్ట విప్పితే అంచులు నల్లగా ఉన్నాయి. ఏసుపాదం చెయ్యి పొడి కాగితాల మీదికి వెళ్లింది. వెనక్కి తీసుకున్నాడు. నల్లబడ్డదాన్ని అలాగే బిగించి ఆమె దగ్గరికి వెళ్లాడు. రాత్రిళ్లు నిద్ర రావడం లేదని, రాసిన పేజీలన్నీ చించేస్తున్నానని ఆమె చెప్పింది.

"సారుతో అనకండి. ఈ వారం మీరు చూసుకోండి, నేను సర్దుకుంటాను."

"చూసుకోనమ్మా. చెప్తాను. నన్ను తిట్టుకోండి."

తిట్టుకుంది. చాలా రోజులు మాట్లాడలేదు. సంగతి విన్న రోజే భూషణం గారు వచ్చి, కట్ట వైపు వెళ్లకుండా స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు. ఏం తింటున్నావమ్మా అని అడిగారు. రెండు నెలలు సెలవిచ్చి, పెడన నుంచి తల్లిని పిలిపించి ఆమెతో పంపారు. ఆ మొక్కలు బూజు పట్టిపోయాయి. లీలావతి దీపావళి తర్వాత తిరిగి వచ్చి మళ్లీ కొత్తగా కోసుకుంది.

ఏసుపాదం మనసు తేలికపడలేదు. ఏటా వేసవిలో బీరువాలు దులిపేటప్పుడు పాత షీట్లు బయటికి తీసేవాడు. వెంకటరత్నం స్వయంగా ఆరబెట్టినవాటిలో అక్కడక్కడా మరకలున్నాయి. చివరి నాలుగు నెలల ఆకులకు మాత్రం ఒక్క మచ్చ లేదు.

వాటిని తుడిచి, తీసినచోటే పెట్టేవాడు.