తువ్వాల కింద చెప్పాల్సిన ధర

పాత కారు ధర కట్టేటప్పుడు నేను ముందు కారును చూసేవాణ్ని కాదు, దాని కింద నేలను చూసేవాణ్ని. నూనె ఎక్కడ కారుతోందో నేల చెప్తుంది. అమ్మేవాడు చెప్పడు. తర్వాత బ్రేకు పెడలు మీది రబ్బరు. మీటరేమో తొమ్మిది వేల మైళ్లంటుంది, రబ్బరు అరిగి ఇనుము తేలి ఉంటుంది. ఈ రెండూ చూశాక పెదవి విరిచి, "ఏముందప్పా దీంట్లో?" అని మొదలుపెట్టాలి.

ఇది మా ఇంటి విద్య. మా నాయనకు కర్నూలు బజారులో కిరాణా అంగడి ఉండేది. రైతు కందులు తెస్తే గుప్పెడు తీసుకుని, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు ముఖం పెట్టేవాళ్లం. వాళ్లు తిట్టేవాళ్లు, మేము తిట్టేవాళ్లం, ధర తెగినాక అందరం కలిసి సోడా తాగేవాళ్లం. సరుకును తిడితే మనిషిని తిట్టినట్టు కాదని అంగడివాళ్లకు తెలుసు. లోకమంతటికీ తెలుసునని నేననుకున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న మూడేండ్లూ నాకు మంచి కాలం. గుడారాల్లో ఆఫీసులు, ఆఫీసర్లకు కార్లు కావాలి. నేను కందులు వదిలి పాత కార్ల బేరగాణ్నయ్యాను. రాజధాని హైదరాబాదుకు లేచిపోయేసరికి గుడారాలతోపాటు నా గిరాకీలూ పోయాయి. మిగిలినవాడు ఆదోనిలో ఒక పత్తి మిల్లు షావుకారు. ఆయనకు తెల్లదొర వాడిన కారే కావాలి. మేకు కూడా మారి ఉండకూడదు.

ఆ మరుసటి ఎండాకాలం నా స్నేహితుడు అంగడికి వచ్చాడు. హైస్కూల్లో ఆరేండ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. వాళ్లది బనగానపల్లె దగ్గర పల్లె. మూడేండ్ల కిందట రెండు వందల మామిడి అంట్లు నాటాడు. వరసగా రెండేండ్లు వాన లేదు, బావి అడుగు కనిపిస్తోంది. అంట్లకు కడవలతో నీళ్లు మోసి మోసి వాడి భుజం మీద కాయ కాసింది.

"బావి లోతు తీసి ఆయిల్ ఇంజను పెట్టల్లరా," అన్నాడు. "పద్దెనిమిది నూర్లు కావల్ల. ఈ నెల దాటితే చెట్లు దక్కవు. మా నాయన కారు అమ్మేదానికి ఒప్పుకున్నాడు. నువ్వొచ్చి చూడు, నీకు తెలిసిన ధర చెప్పు. వేరేవాళ్లయితే మోసం చేస్తారు."

"నేను చెయ్యననుకుంటాండావా?"

"చేస్తావు. నాకు చెప్పి చేస్తావు."

వాళ్ల ఊరి దగ్గర బస్సు దిగగానే సంచిలోంచి ఎర్రంచు కొత్త తువ్వాల తీసి నా భుజాన వేశాడు. "ఇది ఉండనీ. మా నాయన నోటితో బేరం చెయ్యడు," అన్నాడు. అయితే పెద్దాయనకు బేరం చేతకాదన్నమాట అనుకున్నాను. సంతోషం వేసింది కూడా. ఆ తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ ఊళ్లోకి నడిచాను.

కారు ఎద్దుల కొట్టంలో, ఎద్దుల పక్కనే ఉంది. పెద్దాయన దాని మీది జంపఖానా తీశాడు. నల్లటి కారు, పొద్దున్నే కడిగినట్టుంది. ఊరివాళ్లు పదిహేనుమంది దాకా చేరారు. నా స్నేహితుడి తల్లి, పెద్దావిడ, గడపలో నిలబడింది.

"కలెక్టరు దొర కారప్పా ఇది," అన్నాడు పెద్దాయన. "దొర వాళ్ల దేశానికి పోతా పోతా అమ్మితే, కొన్న మనిషి కాడ నేను తీసుకున్నా. పదెకరాల నల్లరేగడి ఇచ్చినా దీనికి. ఇరవై ఏండ్లాయ. దొర దిగి పోయినప్పుడు ఎట్లుండెనో అట్లే ఉండాది. ఒక్క మేకు మార్చలా."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అది నాకు అప్పుడే అర్థం కావాల్సింది.

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. నేల పొడిగానే ఉంది. బానెట్టు ఎత్తితే ఇంజను నంబరు ఉండాల్సిన చోట ఉలి దెబ్బలు. ఆ ఇంజను లారీది. రెండు దీపాల్లో ఒకదాని అద్దం మందంగా ఉంది, మీద విలాయతి అక్షరాలు. రెండోది వట్టి గాజు. తలుపు సందులో గోటితో గీకితే నలుపు కింద ఆకుపచ్చ. తలుపు లోపలి కట్టె వేప. దొరల దేశంలో వేపచెట్లు ఎక్కడివి? మూడు చచ్చిన కార్లకు ఒక లారీ గుండె పెట్టి, ఏ ఊరి వడ్రంగాయనో ఇంత ముచ్చటగా కుదిర్చాడు. దొర కథ చెప్పి ఈయనకు అంటగట్టారు.

ఆదోని షావుకారుకు ఇది పనికిరాదు. అయితే బండి చక్కగా స్టార్టయింది. నంద్యాలలో నాకు తెలిసిన టాక్సీ ఆయన కళ్లు మూసుకుని పద్దెనిమిది నూర్లిస్తాడు. నా స్నేహితుడికి కావల్సిందీ అంతే. ఎనిమిది నూర్ల దగ్గర మొదలుపెట్టి, తిట్లు తిని, అక్కడికి ఎక్కుదామనుకున్నాను. చేతుల నిండా గ్రీజు. భుజం మీది తువ్వాలతో తుడుచుకున్నాను.

పెద్దాయన మంచం మీద కూర్చుని కుడి చెయ్యి చాపాడు. నా స్నేహితుడు తువ్వాల వైపు కళ్లతో సైగ చేశాడు. చూస్తే తువ్వాల నల్లగా ఉంది. కొత్తది పాడుచేశానని కోపమేమో అనుకుని దాన్ని చంకలో పెట్టుకుని నోరు తెరిచాను.

"పెద్దాయనా, నిన్నెవరో నిండా ముంచినారు. ఇది దొర కారు కాదు, దొర మొహం కూడా చూసి ఉండదు. ఇంజను లారీది, తలుపులు వేపచెక్క. ఒక కన్ను విలాయతిది, ఇంకో కన్ను పాత సామాన్ల అంగడిది. మూడు పీనుగల్ని కుట్టి పెండ్లికొడుకును చేసినారు. ఎనిమిది నూర్లు. అదీ నీ ముఖం చూసి."

బాగా చెప్పాననే అనుకున్నాను. తిట్ల కోసం ఆగాను.

ఎవరూ తిట్టలేదు. వెనకనుంచి ఒకడు నవ్వాడు. "పదెకరాల రేగడి పాయె గదప్పా!" అన్నాడు ఇంకొకడు. పెద్దాయన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఆయన దాన్ని వేరేవాళ్ల చెయ్యిని చూసినట్టు చూసి, మెల్లగా ఒడిలోకి తీసుకున్నాడు.

పెద్దావిడ గడప దిగి వచ్చింది. ఆ పదెకరాల కోసం ఇరవై ఏండ్లుగా ఆయన్ను దెప్పుతూనే ఉందని, ఒక్కసారైనా ఆ కారెక్కలేదని నా స్నేహితుడు ఎన్నోసార్లు చెప్పి నవ్వేవాడు.

"ఏం శెట్టీ," అంది. "దొర ఎక్కినాడో లేదో మాకెందుకప్పా? మేము ఎక్కినాం, తిరిగినాం. మా కారు మాకు చాలు. అన్నం తిని పో."

"పద్దెనిమిది నూర్లిస్తా పెద్దాయనా," అన్నాను. ఎనిమిది మీంచి పద్దెనిమిదికి ఒక్క గుక్కలో దూకినవాడు మా వంశంలో లేడు. ఆ దూకుడుతో నా ఎనిమిది అబద్ధమని కూడా ఊరంతటికీ తెలిసిపోయింది.

"అమ్మేది లేదప్పా," అన్నాడు పెద్దాయన. జంపఖానా తీసుకుని తనే కారు మీద కప్పాడు. ఒక మూల సరిగా పడకపోతే మళ్లీ తీసి కప్పాడు.

బస్సు రోడ్డు దాకా నా స్నేహితుడు వచ్చాడు.

"తువ్వాల ఎందుకిచ్చినాననుకుంటివిరా?"

"చెమటకని."

"చెమటకా! సంతలో ఎద్దుల బేరం చూసినావు గదా. చేతుల మీద గుడ్డ కప్పి, వేళ్లు పట్టుకుని ధర చెప్తారు గదా."

"ఎద్దులకని తెలుసు. కారుకు కూడా అని నాకెట్ల తెలుసురా?"

"కుంటి ఎద్దయినా ధర గుడ్డ కిందనే. అమ్మినోడు ఎంతకు దిగినాడో ఊరికి తెలియకూడదని." బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాడు. "పోనీ, అది నీకు తెలియదు. నీకు తెలిసిన ధర చెప్పమంటి గదరా నేను. ఎనిమిది నూర్లా నీకు తెలిసిన ధర?"

నేను చంకలోని తువ్వాల తీసి మడత పెట్టాను. బస్సు వచ్చింది. వాడు చెయ్యి ఊపలేదు.

రెండు నెలలు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఇంట్లో ఉన్న నా సొంత మోటారు సైకిలు అమ్మి, రెండు వేలు జేబులో పెట్టుకుని బయలుదేరాను. తువ్వాలను చవుడు వేసి రెండుసార్లు ఉతికించాను. గ్రీజు పూర్తిగా పోలేదు.

దారిలోనే తోట. అంట్ల పక్కన పాతిన కట్టెలు నిలబడే ఉన్నాయి. వాటికి కట్టిన మామిళ్లు కట్టెలకంటే ఎక్కువ ఎండిపోయాయి. నీళ్లు పోసిన కుదుళ్లు నెర్రెలిచ్చాయి.

పెద్దాయన అదే మంచం మీద ఉన్నాడు. నా స్నేహితుడు కడప వైపు ముగ్గురాయి గనిలో మేస్త్రీగా పోయాడట. "మాకూ జాబు రాయలా," అన్నాడు ఆయన.

నేను పక్కన కూర్చుని ఆయన చెయ్యి మీద, నా చెయ్యి మీద తువ్వాల కప్పాను. నోరు తెరవలేదు. అరుగుల మీది వాళ్లు తలలు తిప్పి చూశారు. ఒక్కో వేలికి వెయ్యి లెక్కన రెండు వేళ్లు ఆయన చేతిలో పెట్టాను. ఆయన వాటిని ముడిచాడు, వద్దని. మూడు పెట్టాను. జేబులో అంత లేదు, అయినా పెట్టాను. ముడిచాడు. నాలుగు. ముడిచాడు. చివరికి అయిదూ చాపాను. ఆ డబ్బుకు ఆ రోజుల్లో మంచి స్థితిలో ఉన్న కార్లు రెండొచ్చేవి. ఆయన చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే ముడుచుకుంటూ వచ్చాడు. గట్టిగా కూడా పట్టుకోలేదు. ఆ చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది.

తర్వాత తువ్వాల తీసి, నాలుగు మడతలు పెట్టి నా భుజాన వేశాడు. "శెట్టికి మజ్జిగియ్యండి," అని లోపలికి కేకేశాడు.

తాగి లేచాను. ఊరి చివర, ఆ రోజు నవ్విన మనిషి ఎదురొచ్చాడు.

"ఏం శెట్టీ, ఈసారి ఎంత చెప్తివి?"

చెప్పలేదు. నా జన్మలో పద్ధతిగా చేసిన బేరం అదొక్కటే.