మావగారి చెయ్యి

ఆమెది ఎడమచేతి వాటం కాదు. కూరలు తరిగినా, సూదిలో దారం ఎక్కించినా కుడిచెయ్యే. చుట్ట ఒక్కటే ఎడమచేత్తో చుడుతుంది.

దుకాణం వెనకగదిలో తడిగుడ్డ కింద పొగాకు నిద్రపోతున్న పసిపిల్లలా వెచ్చగా ఊపిరి తీస్తుంటుంది. ఒక ఆకు లేపి, మధ్య ఈనెను ఒక్క లాగుడుతో తీసి, సగం ఆకును బల్లమీద పరుస్తుంది. లోపలి పొగాకును దానిమీద పెట్టి ఎడమవైపుకు దొర్లిస్తుంది. చివర చిన్న తోక మెలిపెడుతుంది.

ఆ మలుపూ ఆ తోకా మావగారివి. ఆయనది పుట్టు ఎడమచెయ్యి. వేళ్లు వణకడం మొదలయ్యేసరికి, బల్లముందు కూర్చునే ఓపిక పెద్దకొడుక్కి లేకపోయేసరికి, కోడల్ని కూర్చోబెట్టాడు. ఆమె కుడిచెయ్యి ముందుకొస్తే కత్తి వెనకవైపుతో తట్టేవాడు.

"నీ చెయ్యి నాకెందుకమ్మా? నాది కావాలి."

ఆయన పోయాడు. చెయ్యి ఆమె దగ్గర ఉండిపోయింది. దుకాణం చూసుకునే మరిది మాత్రం ఆ చుట్టల్ని "నాన్న దాచిపోయిన నిల్వ" అని అమ్ముతాడు. ఏళ్లు గడిచినా ఆ నిల్వ తరగదు. ఎలా తరగదని ఎవరూ అడగరు.

ఆదివారం సాయంత్రాలు చుట్టల ప్రియులు ముందుగదిలో చేరతారు. ఎవరి పెట్టె వాళ్లు తెరిచి మార్చుకుంటారు. మంచిదొకటి వెలిగించి, బూడిద రాలకుండా చేతినుంచి చేతికి తిప్పుతారు. అందరికంటే ఎక్కువ పొగ వదిలేది పళ్ల డాక్టరు.

"ఆహా! పెద్దాయన పక్కనే కూర్చున్నట్టుందయ్యా," అన్నాడాయన ఒక ఆదివారం.

మంచినీళ్లు తెచ్చిన ఆమె గ్లాసు కిందపెట్టింది. "అది నేను చుట్టిందండీ."

"వదినా, ఊరుకో," అన్నాడు మరిది. "సరదాకి అంటోందండీ."

"సరదా ఏముంది ఇందులో? ఆయన పోయాక అన్నీ నేనే చుట్టాను. నావని ఒక్కసారి చెప్పు, చాలు."

డాక్టరు చుట్టను నోట్లోంచి తీశాడు.

"అయితే మా ముందు చుట్టమ్మా, చూద్దాం," అన్నాడు డాక్టరు.

వెనకగదిలోంచి ఆకులు తెచ్చి ఎడమచేత్తో చుట్టింది. డాక్టరు వెలిగించి కళ్లు మూసుకున్నాడు. "అచ్చం ఆయన చెయ్యే! ఎంత బాగా నేర్పాడయ్యా మహానుభావుడు!"

అందరూ గోడమీది ఫొటో వైపు తిరిగారు. ఆమె వైపు ఒక్క తలా తిరగలేదు.

"ఆగండి," అందామె. "ఇప్పుడు నాది చుడతాను."

కుడిచెయ్యి చాపింది. ఇన్నేళ్లూ పక్కన కూర్చుని చూసిన చేతికి ఆమాత్రం రాదా అనుకుంది. వేళ్లు కొత్త ఊళ్లో దారి అడుగుతున్నట్టు తడబడ్డాయి. ఆకు ఒకచోట చిరిగింది. డాక్టరు బుగ్గలు లోపలికి పోయేలా పీల్చినా పొగ రాలేదు.

"నీకెందుకమ్మా ఈ తంటాలు? ఆయన చెయ్యి ఉందిగా నీకు!" అన్నాడాయన.

అందరికంటే గట్టిగా నవ్వింది మరిది. "నాన్న చెయ్యి మా ఇంట్లోనే ఉందండీ, ఎక్కడికీ పోలేదు!" అప్పటికప్పుడు దొరికిన ఆ మాట అతనికి ఎంతో నచ్చింది.

అందరూ వెళ్లాక ఆమె తన చుట్టను బూడిద గిన్నెలోంచి తీసి, వెనకగదికి తెచ్చుకుని వెలిగించుకుంది. ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది. మళ్లీ ఆరింది.

"వదినా, డాక్టరుగారికి రేపటికి ఇంకో పెట్టె కావాలట. నాన్నవే!" ముందుగదిలోంచి కేక.

ఆరిన చుట్టను పళ్ల మధ్య అలాగే పట్టుకుని, ఎడమచేత్తో తడిగుడ్డ తొలగించింది.