సూది లేవని ఎనిమిది సెకన్లు

సిరిసిల్లలో ఉన్న అక్కను కాన్పుకు జగిత్యాల తీసుకురావాలి. తెలంగాణ ఉద్యమంలో బస్సులు ఆగిపోయిన రోజులవి. ఇంట్లో ఉన్నది మా బాపు పాత అంబాసిడర్ కారు ఒక్కటే. దానికో కొత్త జబ్బు: పొద్దున స్టార్ట్ చేస్తే ఆయిల్ ప్రెషర్ సూది ఎనిమిది సెకన్ల దాకా లేవదు. అంతసేపూ బేరింగులు నూనె లేకుండా తిరుగుతాయి. దారిలో ఇంజిన్ పట్టేస్తే నిండు నెలల మనిషిని ఎక్కడ దింపుతాం?

నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. కారణాలు కాగితం మీద రాసుకున్నాను: నూనె, మీటరు, పంపు, ఫిల్టర్. నాలుగోది వెంటనే కొట్టేశాను. పద్దెనిమిది రోజుల కింద నేనే కొత్తది బిగించాను కదా. బాపు ఆ కాగితం చూడనైనా లేదు.

"యూసుఫ్‌ను తోల్కపోదాం. వానికి ఇంజిన్ గొంతు తెలుసు" అన్నాడు.

ఉదయం ఏడింటికి బయలుదేరాం. సిరిసిల్ల దక్షిణాన ఉంది. ఒక్క మెకానిక్ కోసం మేం పడమటికి, కోరుట్లకు పోయాం. ఎనిమిదింటికి యూసుఫ్ భాయ్ పనిముట్ల సంచితో షెడ్డు ముందే నిలబడి ఉన్నాడు. నాలుగేళ్లుగా నేను అడుగుతున్న తాళం బాపు ఆయన చేతిలో పెట్టి, పక్కన కూర్చున్నాడు. నేను వెనక. వాళ్లిద్దరూ ఉర్దూ, తెలుగు కలిపి నవ్వుకుంటుంటే, బాపు నాతో అంతసేపు మాట్లాడిందెప్పుడా అని ఆలోచించాను. గుర్తుకు రాలేదు.

తొమ్మిదింటికి కథలాపూర్ దగ్గర రోడ్డు మూసేశారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు. ఒక పెద్దాయన కిటికీలోంచి, "తిన్నంకనే బండి కదిలేది" అన్నాడు. ఆ దారిన పోయేవాళ్లు ఐదు గంటలు అదనంగా లెక్కేసుకోవాలి. పప్పుచారు మాత్రం బాగుంటుంది.

రెండింటికి యూసుఫ్ భాయ్ చెయ్యి కడుక్కుని, "ఐదు గంటలు నిలబడ్డది. ఇప్పుడు చెప్తది" అంటూ బానెట్ ఎత్తాడు. అడ్డంగా ఉండే ఫిల్టర్‌ను విప్పాడు. నూనెతో బరువుగా ఉండాల్సింది ఖాళీ డబ్బాలా వచ్చింది. చిటికెన వేలు లోపల పెట్టి చూశాడు. నా చేతిలో ఉన్న కాగితం అడిగి తీసుకుని చదివాడు. బాపు పొయ్యిల దగ్గరే ఉన్నాడని చూసుకుని మెల్లగా అడిగాడు.

"ఇది నువ్వే బిగించినవా తమ్మీ?"

తలూపాను. మర చుట్లు, అంచు వెర్నియర్ కొలబద్దతో కొలిచి మరీ కొన్నాను. ఇంజిన్ ఆగాక నూనెను వెనక్కి జారనివ్వని రబ్బరు పొర లోపల ఉందో లేదో మాత్రం చూడలేదు. అది లేదు.

"కొలతలైతే మంచిగనే ఉన్నయి" అన్నాడు. తిట్టినా అంత మండేది కాదు.

అదే ఫిల్టర్‌లో నూనె పోసి బిగించి, వేములవాడ మీదుగా ఐదింటికి సిరిసిల్ల చేరాం. సగం షట్టర్ ఎత్తిన దుకాణంలో రబ్బరు పొర ఉన్న ఫిల్టర్ దొరికింది. అది మార్చి, అక్క ఇంట్లో పడుకున్నాం.

తెల్లారి ఆరింటికి స్టార్ట్ చేస్తే నా గడియారంలో ఒకటిన్నర సెకనుకే సూది లేచింది. బాపు తన భుజం తట్టబోతే యూసుఫ్ భాయ్ పక్కకు జరిగాడు.

"నన్నెందుకు కాకా? తమ్ముడు రాసిన లిస్టుల ఫిల్టర్ ఉన్నది. గదే విప్పిన."

కొట్టేసిన గీత సంగతి ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. బాపు తాళం నాకిచ్చాడు.

అక్క వెనక సీటంతా పరుచుకుని పడుకుంది. ముందు సీట్లో స్టీరింగ్ దగ్గర నేను, మధ్యలో బాపు, అవతల యూసుఫ్ భాయ్. "గిట్ల పోతే తొట్టెల గూడ తోవలనే కట్టుడైతది" అని అక్క వెక్కిరించినా వేగం పెంచలేదు. సూది నిలకడగా ఉంది. నేను తోలే బండిలో బాపు మొదటిసారి కూర్చున్నాడు. వేములవాడ దాటగానే ఆయనకు కునుకు పట్టింది. తల వాలింది మాత్రం యూసుఫ్ భాయ్ భుజం మీదికి.