సామ్యేలు అయ్యవారి లాటిన్ వేర్లు

ఇంగ్లీషు మాట చెవిన పడితే దాని లాటిన్ వేరు తవ్వి తీసేదాకా సామ్యేలు అయ్యవారికి అన్నం సహించేది కాదు. బడి వదిలాక కూడా గిద్దలూరులో ఆయన పాఠం ఆగేది కాదు. ఇంగ్లీషు రెండు ముక్కలు వచ్చినవాళ్లంతా ఆయన ఎదురైతే గబుక్కున తెలుగులోకి దూకేవారు.

స్టేషన్‌లో కూలీ పిచ్చయ్య నెత్తిన ట్రంకు పెట్టెలతో పోతుంటే అడ్డం నిలబడ్డారు.

"పోర్టరు! దాని వేరు ఏంది పిచ్చయ్యా?"

"మెడ ఇరుగుతాంది, దోవ ఇడవండయ్యా!"

"పోర్ట్ అంటే మోయడం. ఎక్స్‌పోర్ట్ బయటికి మోయడం. ఇంపోర్ట్?"

"లోపలికి!" అని అరిస్తేగానీ కదల్లేదు.

కూలి మనిషి విశ్వాసం కూతురు దయామణి మీద మరీ ప్రేమ. ముల్లు గుచ్చుకుని కుంటుతుంటే "పెడ్ అంటే పాదం" అనేవారు. పొయ్యి పొగకు కళ్లు మండుతుంటే "ఆక్యులుస్ అంటే కన్ను" అనేవారు.

"అయ్యవారూ, పన్ను నొప్పితో చస్తాండా!"

"డెంట్ అంటే పన్ను పాపా. డెంటిస్టు అంటే ఎవరు?"

"మీరు కాని మనిషి!"

ఆ దయామణి నర్సు చదువు పరీక్షకు వెళ్లింది. ఆరుగురు అమ్మాయిలకు ఒకటే సీటు. అది దక్కకపోతే మర్నాటి నుంచి తల్లితో కలుపు కూలికే. దొరసాని డాక్టరు పది మాటలిచ్చి, ఏది ఏ అవయవం గురించో రాయమంది. ఆక్యులర్, డెంటల్... తక్కిన అమ్మాయిలు కలాలు కొరికారు. దయామణి తొమ్మిది రాసింది. సీటు ఆమెదే.

రైలు దిగగానే ఎదురైన పిచ్చయ్యతో అంది. "మామా, నీకూ కన్నూ పన్నూ నేర్పినాడు గదా అయ్యవారు?"

"నాకా? యాడిది! ఎప్పుడు జూసినా సరుకులూ రవాణాలే. గూడ్సు క్లర్కు పరీక్ష రాయాలని ఒకసారి నోరు జారినా. అప్పట్నుంచి ఇడ్సిపెట్టలే."

దయామణి అక్కడే నిలబడిపోయింది. మూడో క్లాసులో తనూ ఒకసారి ఆయన ముందు నోరు జారింది, నర్సునవుతానని. తను మరిచినా ఆయన మరవలేదు. ఇన్నేళ్లూ ఆ మనిషిని చూసి సందుల్లో దాక్కున్నందుకు సిగ్గేసింది.

సీటు వచ్చిందని చెబితే అయ్యవారు, "తప్పిన ఆ ఒక్కటీ ఏంది?" అని కసిరారు. తర్వాత లోపలికెళ్లి పోస్టుకార్డుల కట్ట తెచ్చారు. అన్నిటి మీదా ఆయన చిరునామా అప్పటికే రాసి ఉంది. ఆ సిరా ఈనాటిది కాదు, ఎప్పుడో వెలిసిపోయింది.

"కొత్త మాట వచ్చినప్పుడల్లా ఒక కార్డు రాయి. ఊరిడిస్తే నా పీడ ఇడుస్తుందనుకున్నావా?"

"అంత అదృష్టమా అయ్యవారూ!" అంటూ దయామణి నవ్వి, కార్డులు కొంగున మూటగట్టుకుంది.