మెమరీ చాలదని రాసిన చీటీ

మా అక్క ఆరేళ్ళు కష్టపడి రాసినదాన్ని నేను ఒక చీటీ ముక్కతో పోగొట్టాను. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కొంచెం తేలిక. తర్వాత చెప్పేదంతా అది ఎలా జరిగిందనే.

అక్క తిరుపతిలో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసేది. పులికాట్ ఒడ్డున చేపలు పట్టే పల్లెల్లో వాడే మాటలు ఆమె విషయం. బస్సెక్కి పోయి, ఆడవాళ్ళు రొయ్యలు ఏరుతుంటే పక్కన కూర్చుని, వాళ్ళు దేన్ని ఏమంటారో రాసుకుని వచ్చేది. ఒక్క గాలికే పేజీన్నర పేర్లు. బురదకు, నీటి రంగుకు, వల చిరిగిన తీరుకు కూడా పేర్లున్నాయి. పిల్లచేపకు ఒక పేరు, అదే చేప పెద్దదైతే ఇంకో పేరు. "ఆడ బాగా తెలిసినోళ్ళంతా ముసిలోళ్ళురా. ఒకరొకరే పోతా ఉండారు. వాళ్ళ పిలకాయలకు ఈ మాటలు రావు" అనేది. అందుకే ఆమెకు అంత తొందర.

నేను చిత్తూరులో మా ఇంటి ముందు గదిలో డీటీపీ చేసేవాణ్ణి. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, కొళాయి నీళ్ళు రావడం లేదని వార్డు జనం ఇచ్చే అర్జీలు. మా వీధిలో కంప్యూటర్ ఉన్న ఇల్లు మాదొక్కటే. కాబట్టి నాకు కళ్ళు నెత్తికెక్కి ఉండేవి. ఎవరైనా మౌస్ ముట్టుకోబోతే చెయ్యి తుడుచుకుని రమ్మనేవాణ్ణి.

ఒక ఏడాది వానలు వెలిసిన తర్వాత అక్క ట్రంకుపెట్టె తెరిస్తే నోటుపుస్తకాల మధ్య ఎర్రమట్టి కనిపించింది. చెదలు. ఆమె పెట్టె పక్కనే చతికిలబడి ఏడ్చింది. నేను పెద్ద మొనగాడిలా, అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానని చెప్పాను. నాలుగు నెలలు పట్టింది. చదవగలిగినంత ఆమె చదివింది, నేను కొట్టాను. చెదలు తిన్నచోట ఆమె కళ్ళు మూసుకుని, ఆ రోజు ఆ మాట ఎవరు చెప్పారో, చెప్పినామె ఎలా కూర్చుందో తలుచుకుని, మాటను పైకి తెచ్చేది. అంతా అయిపోయాక, ఆ కాగితాలు ఉంటే బీరువాకు కూడా చెదలు పడతాయని, నేనే వాటిని నీళ్ళ పొయ్యిలో పెట్టాను.

"కంప్యూటర్‌లో పడినాక చెదలేం చేస్తాయిలే అక్కా" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఫైలు పెరిగేకొద్దీ చిక్కు మొదలైంది. అక్క పెన్సిలుతో గీసిన వలల బొమ్మలు, చేపల బొమ్మలు కూడా కాల్చేముందే స్కాన్ చేసి అందులోనే పెట్టాను. దాంతో అది ఫ్లాపీలో పట్టనంత పెద్దదైంది. తెరిస్తే ఇసుక గడియారం గుర్తు వచ్చి అలాగే నిలబడిపోయేది. ముక్కలు చేద్దామంటే చేసేలోపే బిగుసుకుపోయేది. ప్రింటు ఇస్తే మొదటి పేజీ కూడా బయటికి వచ్చేది కాదు. నా కంప్యూటర్‌లో ఉన్నది ముప్పైరెండు ఎంబీల ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపు వాడుకునే మెమరీ. అది పెళ్ళిపత్రికలకు సరిపోతుంది గానీ పులికాట్ సరస్సుకు చాలదు.

ఒక్కోరోజు అసలు తెరే వెలగక, లోపల కుయ్ కుయ్‌మని మూడు కూతలు వినిపించేవి. అలా కూస్తే ర్యామ్ సరిగ్గా కూర్చోలేదని అర్థం. మూత విప్పి, ఆ ర్యామ్ పట్టీని ఊడదీసి, దాని ఇత్తడి రంగు పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది, ఉఫ్ అని ఊది మళ్ళీ బిగించేవాణ్ణి. రెండు రోజులు పనిచేసేది, మళ్ళీ కూతలు. అక్క గుమ్మం దగ్గర నిలబడి చూసేది. థీసిస్ ఇవ్వడానికి ఆమెకు చివరి గడువు పది రోజుల్లో ఉంది. ఇంతకుముందే రెండుసార్లు పెంచారు, ఇక పెంచరు.

చిత్తూరులో ఆ పాత రకం ర్యామ్ దొరకలేదు. తిరుపతిలో బస్టాండుకు దగ్గరగా నాకు తెలిసిన రిపేరు షాపు ఒకటి ఉండేది. భర్త రిపేర్లకు ఊరంతా తిరిగేవాడు, భార్య కౌంటర్‌లో కూర్చునేది. మనకేం కావాలో చీటీ రాసి సీపీయూ మీద అంటించి వచ్చేయడం ఆ షాపు పద్ధతి. అంతకుముందు ఒకసారి నేను తెలుగులో "రామ్ చూడండి" అని రాసి అంటించాను. ఆమె చీటీ చదివి, "రామ్ అనేటాయన ఈడ ఎవురూ లేరు గదన్నా. మా ఆయనొక్కడే" అంది. అక్కడున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఈసారి సీపీయూను ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళాను. ఆయన లేడు. ఆమె కాగితం ఇచ్చింది. ర్యామ్ అని రాయబోయి ఆ నవ్వులు గుర్తొచ్చి ఆగాను. మర్యాదగా ఉంటుందని ఇలా రాశాను: "మెమరీ చాలడం లేదు. పెద్దది వేయండి. పాతది మీరే తీసుకుని ధర తగ్గించండి." పని ఒత్తిడి ఉందని, ఐదు రోజుల తర్వాత రమ్మని చెప్పింది. ఆ రోజుకు వెళ్ళి, సిద్ధంగా ఉన్న పెట్టె తీసుకుని వచ్చేశాను.

ఇంట్లో స్విచ్ వేయగానే గబుక్కున వెలిగింది. ఒక్క కూత కూడా లేదు. అక్క ప్రింటుకోసం కొత్త కాగితాల కట్ట విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "సూడక్కా, ఎట్ల పరిగెత్తతా ఉండాదో" అని నేను గొప్పలు పోతున్నాను.

"పులికాట్ అని పెట్టినావే, ఆ ఫైలు యాడరా?" అంది.

వెతికాను. పెళ్ళిపత్రికలూ లేవు, అర్జీలూ లేవు. తెర నున్నగా, కొత్తగా ఉంది. మూత విప్పి చూస్తే అదే ముప్పైరెండు ఎంబీల పట్టీ అక్కడే ఉంది. మారింది ఫైళ్ళన్నీ దాచి ఉండే హార్డ్ డిస్కు.

ఎదురింటి నుంచి షాపుకు ఫోన్ చేస్తే ఆయనే ఎత్తాడు. "మెమరీ అంటే మేము డిస్కు అనే అనుకుంటాము గదప్పా. వచ్చేటోళ్ళంతా అంతే అంటారు, ఎన్ని జీబీల మెమరీ అని. ర్యామ్ కావాలంటే ర్యామ్ అని రాయాల. పాతది తీసుకోమని నువ్వే రాసినావు. లోపల కావాల్సింది ఉంటే కాపీ తీసుకోకుండా ఎవురైనా ఇస్తారా?" అన్నాడు. కోపంగా అనలేదు, పాపం. ఆ చీటీ ఇంకా మేకుకు గుచ్చి ఉందని చదివి వినిపించాడు కూడా. తిట్టడానికి నాకు ఎవరూ మిగల్లేదు.

మా పాత డిస్కును అతను తుడిచేసి, ఐరాలలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌కు చేసిచ్చిన కంప్యూటర్‌లో వేశాడు. మర్నాడు పొద్దున్నే ఐరాలకు పోయాను. చెరకు బండ్ల వెనక బస్సు నత్తనడక నడుస్తుంటే దిగి పరిగెత్తాలనిపించింది. ఇన్‌స్టిట్యూట్ నడిపే పెద్దాయన నా గోడంతా విని, "కావాల్సింది ఉంటే తీసుకోబ్బా, దానికేం" అని కుర్చీ చూపించాడు. అందులో నేర్చుకునే ఆడపిల్లలు కొట్టిన పాఠాలున్నాయి. ఎ ఎస్ డి ఎఫ్, ఎ ఎస్ డి ఎఫ్, పేజీలకు పేజీలు. గాలి పేర్లున్న చోట అవి కూర్చున్నాయి. వాళ్ళమీద నాకు అసహ్యం పుట్టింది. వాళ్ళేం చేశారు పాపం.

పెద్దాయన డిస్కు విప్పి ఇచ్చాడు. షాపాయన రెండు రోజులు తన పని మానుకుని, తుడిచిన ఫైళ్ళను వెలికితీసే ప్రోగ్రామ్ తెచ్చి కూర్చున్నాడు. ముక్కలు చాలానే వచ్చాయి. అప్పటి తెలుగు ఫాంట్లన్నీ ఇంగ్లీషు అక్షరాలకు, గీతలకు, చుక్కలకు తెలుగు ముసుగు తొడిగినవే. ముసుగు పోతే మిగిలేది పిచ్చిగీతలు. చెడిపోయిన ముక్క ఏదో, తెలుగు ముక్క ఏదో చెప్పలేము. ఒక్కోదానికీ ఫాంటు తగిలించి చూశాం. రెండో రోజు మధ్యాహ్నం ఒక్క ముక్క తెలుగులో విచ్చుకుంది. ఇద్దరం తెరమీదికి వంగాము. "అని అంటారు" అని ఉంది. దేన్ని అంటారో, ఏమని అంటారో లేదు. నేను అక్కడే, ఆ షాపులోనే, వచ్చేపోయేవాళ్ళ ముందు ఏడ్చాను. కౌంటర్‌లో ఆమె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

అక్క గుర్తున్నంత రాస్తానని పలక సైజు పుస్తకం తెచ్చుకుంది. గుర్తొచ్చిన మాటలు మూడు పేజీలు కూడా నిండలేదు. "మొదటిసారి పుస్తకంలో సగమన్నా కండ్లముందర ఉండె. దాన్ని పట్టుకుని మిగతాది లాగినాను. ఇప్పుడు పట్టుకునేదానికి ఏముండాది?" అంది. గడువు దాటిపోయింది. తిరుపతిలోనే ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పడానికి చేరింది. పులికాట్ వైపు బస్సు ఆమె మళ్ళీ ఎక్కలేదు. నేను కంప్యూటర్ అమ్మేసి బియ్యం అంగట్లో కుదిరాను.

కొన్నేళ్ళ తర్వాత ఒక ఆదివారం తిరుపతిలో ఇద్దరం చేపల మార్కెట్‌కు వెళ్ళాం. ఒక గంపలో అరచేతి పొడుగు చేపలు, వెండిరంగు పొట్ట, తోక దగ్గర పసుపు. అక్క గంప ముందు ఆగిపోయింది. అమ్మే ఆమె మార్కెట్లో వాడే పేరే చెప్పింది. అక్క తల అడ్డంగా ఊపి, ఇది ఇంకా పెద్దది కాకముందు ఒడ్డున వేరే పేరుతో పిలుస్తారని చెప్పబోయింది. పెదాలు కదిలాయి గానీ ఆ పేరు గుర్తు రాలేదు. వెనక జనం నెడుతున్నారు. ఆమె నావైపు తిరిగింది.

"ఏమనేటోళ్ళురా దీన్ని? నువ్వే గదా టైపు చేసినావు."

నిజమే, నేనే కొట్టాను. కానీ టైపు కొట్టేవాడికి అక్షరాలే పడతాయి, మాట పట్టదు. ఆ నాలుగు నెలలూ ఆమె చదువుతుంటే నేను ఒక్క మాట కూడా మనసులో పెట్టుకోలేదు. ఆమె ఇంకా నా మొహంలోకే చూస్తూ ఉంది.