అమ్మ జెండా, నా పటం

దేవుడు లేడని రుజువు చేయడానికి ఇరవై రెండేళ్ల వయసు, గట్టి గొంతు చాలునని నేను నమ్మిన రోజులవి. చిల్కా సరస్సులోని ఒక దీవిలో మూఢనమ్మకాల మీద మాట్లాడి రమ్మని బరంపురంలోని మా చర్చా సంఘం నన్ను పంపింది. నాలుగింటికి సభ. అది నా మొదటి ఉపన్యాసం. ఆలస్యమైతే రెండోది ఉండదని కార్యదర్శి ముందే చెప్పాడు.

రంభ రేవులో గెడ తాత పడవ ఎక్కాను (వెదురు గెడతో నీటి అడుగును పొడిచి పడవ తోస్తాడు గనుక ఆ పేరు). కంటికి ఆనినంత మేరా నీళ్లు, వాటిపై తేలుతున్నట్టు దీవులు, వెనక కొండల వరస. నేను నోరు తెరుచుకుని చూస్తుండగా ఒక రాళ్ల దీవి అడ్డొచ్చింది. దగ్గరి కొస పక్కనుంచి సూటిగా పోకుండా, ఎర్ర జెండా పాతిన దూరపు కొసకేసి తాత పడవ తిప్పాడు.

"అటెందుకు తాతా?"

"అమ్మ జెండా బాబూ, ఈ నీళ్ల అమ్మోరిది. అది సుట్టుకునే ఎల్లాల. ఇటు ఎల్తే అమ్మ పట్టుకుంటాది."

నా ఉపన్యాసానికి కావలసిన ఉదాహరణ పడవలోనే దొరికింది! జేబులోంచి పటం తీసి చూపాను. "ఇక్కడంతా నీలం రంగే. అంటే నీళ్లే. సూటిగా పోనీ. పట్టుకుంటే నన్ను పట్టుకోమను."

"సదువుకున్నోడివి, నువ్వు సెప్తే ఇంకేటి!" అని తాత గెడ మళ్లించాడు.

నూరు బారలు పోయామో లేదో, అమ్మ పట్టుకుంది. పడవ ఒక్క కుదుపుతో ఆగింది, నేను నీళ్లలో పడ్డాను. ఈత రాదు. "పోయాను తాతా!" అని కేకలు పెట్టాను (దేవుణ్ణి కూడా పిలిచానని తర్వాత తాత అన్నాడు, నాకు గుర్తులేదు).

"నిలబడు బాబూ" అన్నాడు తాత, చుట్ట ముట్టించుకుంటూ.

నిలబడ్డాను. నీళ్లు మోకాళ్ల దాకా! ఎటు చూసినా ఒడ్డు కనుచూపు చివర గీతలా ఉంది. సముద్రమనుకున్న దాని నడుమ నేను పొలంలో నిలబడ్డట్టు నిలబడ్డాను. అంత వింత మళ్లీ చూడలేదు.

బురదలో పడవ తోస్తూ అడిగాను, "ఆ జెండా ఎప్పటిది?"

"ఏటేటా మారతాది బాబూ. వానలెల్లాక గెడతో అంతా పొడిసి సూస్తాను. లోతు ఏ కొసనుంటే అమ్మ ఆ కొసకెల్తాది."

"అమ్మ వెళ్తుందా, నువ్వు పాతుతావా?"

"నాను పాతినానంటే ఎవుడింటాడు? అందరూ నీలాగే అడ్డంగా పోరా?"

చేరేసరికి పొద్దు వాలింది, సభ చెదిరిపోయింది. కార్యదర్శి మాట తప్పలేదు. రెండో ఉపన్యాసం దక్కలేదు. అమ్మ లేదని ఇప్పటికీ వాదిస్తాను. అయితే ఎక్కడైనా ఎర్ర జెండా కనబడితే, దాన్ని పీకే ముందు అక్కడ గెడ పొడిచిందెవరో కనుక్కుంటాను. మోకాలి లోతు నీళ్లలో మునిగిపోతున్నానని అరిచిన ఆ కుర్రాడు అప్పుడు గుర్తొస్తాడు. చేతిలో తడిసిన పటాన్ని మాత్రం వాడు వదల్లేదు పాపం.